చిలగడదుంపకు శివరాత్రి ఒక్కరోజేనా?

(డాక్టర్ సి. గోపాలన్ స్మారకోపన్యాస పాఠం)



చిక్కడపల్లిలో సాయంత్రం సభలకు కొదవ లేదు. త్యాగరాయ గానసభలో ఒకనాడు కచేరీ, ఒకనాడు నాటకం, మరొకనాడు పుస్తకావిష్కరణ. కవులను, నటులను, గాయకులను తలచుకోవడం ఈ పేటకు అలవాటు. మనం తినే తిండి మీద జీవితమంతా పరిశోధన చేసిన శాస్త్రవేత్తను తలచుకోవడం మాత్రం అరుదు. డాక్టర్ సి. గోపాలన్ అలాంటి శాస్త్రవేత్త. ఆయన పనిచేసిన చోటు ఇక్కడికి దూరమేమీ కాదు. నారాయణగూడ నుంచి బయలుదేరి నల్లకుంట, విద్యానగర్ దాటి వెళితే తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే ఉంది.

1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు సంగతి తేల్చడానికి ఒక చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే ఏడాది నవంబర్ 29న సేలంలో గోపాలన్ పుట్టారు. ఆ ప్రయోగశాల పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1960లో గోపాలన్ దానికి డైరెక్టర్ అయ్యారు. ఆయన హయాంలోనే, 1969లో, దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. తర్వాత ఆయన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 1980లో న్యూట్రిషన్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. 1987లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది. 2019 అక్టోబర్ 3న, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు.

బి.వి. రామశాస్త్రి, ఎస్.సి. బాలసుబ్రమణియన్‌లతో కలిసి ఆయన 1971లో తెచ్చిన ‘న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్’ హోంసైన్స్ విద్యార్థుల చేతుల్లో తరాల తరబడి నలిగింది. మన దేశంలో మనిషి తినే గింజ, పప్పు, ఆకు, కాయ, దుంప, చేప, మాంసం, వేటిలో ఏముందో వరుసలు వరుసలుగా అంకెల్లో చెప్పే పుస్తకమది. ఆ పట్టికల్లో దుంపల దగ్గర ఒక వరుస చిలగడదుంపది. ఈ ఉపన్యాసం ఆ ఒక్క వరుస గురించే.

చిలగడదుంప అంటే కోస్తావాళ్లకు వెంటనే తెలుస్తుంది. రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు. తెలంగాణలో కందగడ్డ అనో, మోరంగడ్డ అనో, రత్నపురి గడ్డ అనో అడిగి కొంటారు. ఏ పేరుతో అడిగినా శివరాత్రి వచ్చేసరికి చిక్కడపల్లి మార్కెట్లో గోనెసంచుల మీద గులాబీ రంగు కుప్పలు లేస్తాయి. ఉపవాసం విడిచేవాళ్లు కిలోల లెక్కన తీసుకెళతారు. పండగ వెళ్లిన వారానికి కుప్పలు తగ్గిపోతాయి, అడిగేవాళ్లూ తగ్గిపోతారు. పన్నెండు నెలలూ పొయ్యి మీద ఉండదగిన దుంపకు మనం ఏడాదికి ఒక్కరోజు కేటాయించాం.

ఈ పేటల్లో దాని అవసరం ఎవరికుందో చూడాలంటే అశోక్‌నగర్ వీధుల్లోకి వెళ్లాలి. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు రెండు రాష్ట్రాల నుంచీ వచ్చి ఇక్కడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉంటున్నారు. నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే తలుపులు తీసేసరికే అక్కడ ఉండాలి. పగలంతా పుస్తకం, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకం. మెస్సులో పళ్లెం నిండా తెల్లన్నం, పలచని పప్పు, ఆలుగడ్డ కూర, సాంబారు. సాయంత్రం ఆకలేస్తే మిర్చి బజ్జీ, బిస్కెట్లు, రెండో కప్పు టీ. ఇంటి నుంచి వచ్చే డబ్బులో గది అద్దె, కోచింగ్ ఫీజు పోగా చివరికి కోత పడేది తిండికే. పండ్లు, పాలు, గుడ్లు మొదట మానేస్తారు.

అలాంటి పిల్లవాడి చేతిలో రెండు ఉడికిన చిలగడదుంపలు పెడితే ఏమిస్తున్నట్టు? గోపాలన్ పుస్తకం ప్రకారం 100 గ్రాముల దుంపలో 120 కిలోకేలరీల శక్తి ఉంది. అదే ఆలుగడ్డలో 97. విటమిన్ సి 24 మిల్లీగ్రాములు. ఉడికేటప్పుడు అందులో కొంత పోతుంది, తొక్కతో ఉడికిస్తే ఎక్కువ నిలుస్తుంది. పీచు 3 గ్రాములకు అటూ ఇటూ. రక్తపోటును అదుపులో ఉంచడానికి సాయపడే పొటాషియం 300 మిల్లీగ్రాములకు పైమాటే. కొవ్వు దాదాపు లేదు. బజ్జీలాగా నూనె పీల్చదు, బిస్కెట్‌లాగా మైదా, చక్కెర కలవవు, ఉప్పు దానంతట అది రాదు. రెండు మధ్యరకం దుంపలు తింటే రాత్రి భోజనం దాకా కడుపు నిలుస్తుంది.

ఇక పట్టికలో అసలు చూడవలసిన అంకె కెరోటిన్‌ది. క్యారెట్‌కు ఎదురుగా 1890 మైక్రోగ్రాములని ఉంది. చిలగడదుంపకు ఎదురుగా 6 అని ఉంది.

ఆరంటే ఆరే. దాదాపు శూన్యం. మరి అమెరికాలో, ఆఫ్రికాలో ఇదే దుంపను విటమిన్ ఎ గని అంటున్నారే? అక్కడా ఇక్కడా పొరపాటేమీ లేదు. తేడా అంతా లోపలి రంగులో ఉంది. శివరాత్రికి మనం కొనే దుంపకు తొక్క గులాబీగానో ఎర్రగానో ఉన్నా, విరిస్తే లోపల తెలుపు, మహా అయితే లేత పసుపు. కత్తి దిగిన చోట పాలు కారతాయి, కాసేపటికి అది నల్లబడుతుంది. లోపల నారింజ రంగున్న రకాన్ని కోస్తే క్యారెట్ ముక్కను చూసినట్టే ఉంటుంది. ఆ నారింజ రంగే బీటా కెరోటిన్. తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలోని కేంద్ర దుంపపంటల పరిశోధనా సంస్థ ‘భూ సోనా’ అనే రకాన్ని తయారుచేసింది. అందులో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంది, అంటే 14,000 మైక్రోగ్రాములు. ఒక దుంపకూ ఇంకో దుంపకూ ఇంత తేడా ఉన్నప్పుడు ‘చిలగడదుంప ఆరోగ్యానికి మంచిది’ అన్న మాట సగమే నిజం. ఏ చిలగడదుంప అన్నది చెప్పాకే మిగతా సగం పూర్తవుతుంది.

ఈ కెరోటిన్‌కు గోపాలన్ జీవితంతో ఉన్న సంబంధం వివరంగా చెప్పుకోవాలి. బీటా కెరోటిన్‌ను మన పేగులు, కాలేయం విటమిన్ ఎ గా మార్చుకుంటాయి. తిండిలోని 12 మైక్రోగ్రాముల కెరోటిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్ ఎ తో సమానమని ఇప్పుడు ఎక్కువగా వాడే లెక్క. కంటి వెనక రెటీనాలో వెలుతురును పట్టే పదార్థం తయారుకావాలంటే ఈ విటమిన్ ఉండాలి. కొరత మొదలైతే ముందుగా వచ్చేది రేచీకటి. మునిమాపువేళ పిల్లవాడు గడప తట్టుకుంటాడు, కంచంలో ముద్ద వెతుక్కుంటాడు. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు కనిపిస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే కంటి ముందుపొర మెత్తబడి కరిగిపోతుంది, చూపు మళ్లీ రాదు. కళ్లతోపాటు ఒంట్లోని రక్షణవ్యవస్థ కూడా దెబ్బతింటుంది. అలాంటి పిల్లలకు తట్టు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా ప్రాణం మీదికి వస్తుంది.

ఒకప్పుడు మన ఆసుపత్రులకు ఇలాంటి పిల్లలు తరచుగా వచ్చేవారు. గోపాలన్ నాయకత్వంలో పోషకాహార సంస్థ వైద్యులు ఆసుపత్రుల్లోనూ పల్లెల్లోనూ పనిచేసి ఒక తోవ చూపించారు. విటమిన్ ఎ కాలేయంలో నెలల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి, పెద్ద మోతాదు ఒకేసారి నోట్లో పోస్తే కొన్ని నెలలు కాపాడుతుందన్నది ఆలోచన. ఆ పని పునాదిగా 1970లో దేశమంతటా అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైంది. ఏడాది దాటిన, ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల మందు ఇవ్వాలన్నది ఏర్పాటు. నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ చుట్టుపక్కల పెరిగినవాళ్లకు, టీకాల కోసం అక్కడ వరుసలో నిలబడినవాళ్లకు ఈ రకం నివారణ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

గోపాలన్ గొప్పతనం ఆ తర్వాత కనిపిస్తుంది. తాను దగ్గరుండి తెచ్చిన కార్యక్రమం గురించి ఆయనే, ఇది తాత్కాలికం, పిల్లల తిండి మెరుగుపడేదాకా నడిపే ఏర్పాటు మాత్రమే అన్నారు. ముందుపొర కరిగిపోయే కేసులు అరుదైపోయిన తర్వాత కూడా దేశంలోని పిల్లలందరికీ పెద్ద మోతాదులు పోస్తూ పోవడాన్ని ఆయన ప్రశ్నించారు. ఆకుకూరలు, పసుపు, నారింజ రంగు కాయగూరలు, పండ్లు పిల్లల పళ్లెంలోకి రావాలని, అందుకు ఉద్యాన పంటలు పెంచాలని తొంభయ్యో పడిలోకి వచ్చినా రాస్తూనే ఉన్నారు. తాను వేసిన బాటలో దేశం ఆగిపోయిందని చెప్పడానికి వెనకాడని మనిషి ఆయన.

పెద్ద మోతాదులు పిల్లలందరికీ కొనసాగించాలా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇప్పటికీ నడుస్తున్న చర్చ. దుంప తినిపిస్తున్నాం కదా అని పిల్లలకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే విటమిన్ చుక్కలను ఏ తల్లీ మానకూడదు. కొరత పూర్తిగా పోలేదు. 2016-18 మధ్య దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో దాదాపు 18 శాతం మందికి విటమిన్ ఎ లోపం ఉన్నట్టు తేలింది. రేచీకటి కంటికి కనిపించనంత మాత్రాన రక్తంలో విటమిన్ సరిపోతున్నట్టు కాదు.

దుంపతో ఆ లోపం తీరుతుందా అంటే, తీరుతుందని చూపించిన పరిశోధనలు ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు బడి ఉన్న రోజుల్లో 125 గ్రాముల చొప్పున నారింజ రంగు చిలగడదుంపను ఉడికించి, మెదిపి పెట్టారు. అలా 53 బడి రోజులు గడిచేసరికి తెల్ల దుంప తిన్న పిల్లలకంటే వీళ్ల ఒంట్లో విటమిన్ ఎ నిలవలు మెరుగుపడ్డాయి. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మొజాంబిక్‌లో జాన్ లో బృందం ఒక అడుగు ముందుకేసింది. రైతు కుటుంబాలకు తీగలు ఇచ్చింది, తల్లులకు వండే పద్ధతి చెప్పింది, సంతలో అమ్ముకునే దారి చూపింది. బడిలో ఎవరో పెట్టే తిండిగా కాక, ఇంటి పెరటి పంటగా మారినా పిల్లల రక్తంలో విటమిన్ ఎ పెరిగిందని 2007లో చూపించింది. మరియా ఆండ్రేడ్, రాబర్ట్ ఎంవాంగ ఆఫ్రికా నేలలకు తగిన రకాలు తయారుచేశారు. ఈ ముగ్గురికీ, పంటల్లోనే పోషకాలు పెంచాలని పోరాడిన హోవర్త్ బౌయిస్‌కూ కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఎంత మామూలు దుంపకు ఎంత పెద్ద గౌరవం!

మన లెక్కలోకి తెచ్చుకుంటే, ఐసీఎంఆర్ 2020 సిఫారసుల ప్రకారం 1 నుంచి 3 ఏళ్ల బిడ్డకు రోజుకు 390 మైక్రోగ్రాముల విటమిన్ ఎ కావాలి, పెద్దవయసు స్త్రీకి 840. భూ సోనా లాంటి దుంపలో వందకు 14 మిల్లీగ్రాముల కెరోటిన్ ఉందంటే, 12తో భాగిస్తే 1,100 మైక్రోగ్రాములు దాటుతుంది. ఉడికించడంలో కొంత పోయిందనుకున్నా బిడ్డకు పిడికెడు, తల్లికి ఒక మధ్యరకం దుంప సరిపోతుంది. మందు రూపంలో విటమిన్ ఎ మితిమీరితే ప్రమాదం. కెరోటిన్‌తో ఆ భయం లేదు, ఒంటికి కావలసినంతే మారుతుంది. మరీ ఎక్కువ తింటే అరచేతులు పసుపు పచ్చబడతాయి, తగ్గిస్తే మళ్లీ మామూలవుతాయి.

ఒక షరతు మాత్రం ఉంది. కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది. వట్టి దుంప తిని నీళ్లు తాగితే ఒంటికి పట్టేది తక్కువ. అదే భోజనంలో 3 నుంచి 5 గ్రాముల కొవ్వు, అంటే ఒక చిన్న చెంచా నూనో నెయ్యో, లేదా పది పన్నెండు పల్లీలో ఉంటే చాలు. ఉడికిన దుంప, గుప్పెడు వేయించిన పల్లీలు కలిపి తినడం మన పల్లెల్లో ఉన్నదే. అందులో శాస్త్రం పుష్కలంగా ఉంది.

గ్రంథాలయంలో కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కెరోటిన్ ఎంత తిన్నా కళ్లద్దాల నంబరు తగ్గదు. దూరపు చూపు మందగించడానికి కారణం కనుగుడ్డు ఆకారంలో వచ్చే మార్పు, దానికీ విటమిన్ ఎ కీ సంబంధం లేదు. క్యారెట్ తింటే చీకట్లో కూడా కనిపిస్తుందన్న ప్రచారానికి రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ బాగా ఊపునిచ్చింది. రాత్రిపూట శత్రువిమానాలను కూల్చిన పైలట్ జాన్ కనింగ్‌హామ్ క్యారెట్లు తింటాడని చెప్పుకున్నారు. విమానంలోని రాడార్ సంగతి బయటపడకుండా ఆ కథ పనికొచ్చింది. కొరత ఉన్నవాడి చూపును ఈ విటమిన్ నిలబెడుతుంది. కొరత లేనివాడికి కొత్త చూపు ఇవ్వదు.

దుంప మీద ఎంత అభిమానం ఉన్నా దాని హద్దులు దాచకూడదు. మాంసకృత్తులు వందకు ఒకటి, ఒకటిన్నర గ్రాములే. ఇనుము నామమాత్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ లోటును చిలగడదుంప తీర్చలేదు. దానికి ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, మాంసం, అవసరమైన చోట మాత్రలు కావాలి. విటమిన్ సి ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది, విటమిన్ ఎ నిలవ ఉన్న ఇనుము వాడకానికి తోడ్పడుతుంది. దుంప చేసే సాయం అంతవరకే.

మరి మాంసకృత్తులు తక్కువైన దుంపను పసిపిల్లలకు పెట్టవచ్చా? గోపాలన్ చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఈ ప్రశ్నకు నేరుగా తగులుతుంది. 1960ల్లో ప్రపంచమంతా పేద దేశాల పిల్లలకు మాంసకృత్తుల కరువుందని, ప్రత్యేకమైన పొడులు తయారుచేసి పంచాలని హడావిడి పడుతుండేది. ఒళ్లు ఉబ్బే క్వాషియార్కర్‌కు, ఒళ్లు ఎండిపోయే మరాస్మస్‌కు వేర్వేరు తిండి కారణమని పుస్తకాలు చెప్పేవి. గోపాలన్ మన పల్లెల్లో పిల్లల తిండిని గమనించి, ఈ రెండు జబ్బులూ ఒకే రకం తిండి తినే పిల్లల్లోనే వస్తున్నాయని చూపించారు. బువ్వ, పప్పు కలిపి కడుపునిండా తింటే మాంసకృత్తులు కూడా చాలావరకు అందుతాయి, అసలు లోటు తిండి చాలకపోవడమే అన్నారు. ఏడాదిన్నర బిడ్డ పొట్ట చిన్నది, పలచని గంజితో అది నిండుతుంది గానీ శక్తి చాలదు. ఉడికించి మెదిపిన చిలగడదుంపలో కాసిన్ని పాలు, చిటికెడు పల్లీపొడి, అర చెంచా నెయ్యి కలిపితే తక్కువ ముద్దల్లో ఎక్కువ శక్తి దిగుతుంది. దాని పక్కన పప్పన్నం, వీలైతే గుడ్డు. ఆ తోడు లేకుండా దుంప ఒక్కటే పెట్టి పెంచకూడదు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ దుంపను చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది అని లెక్కగట్టింది కాబట్టి ఈ సందేహం ప్రతి ఇంటిదీ. జవాబు వండే తీరులో ఉంది. జమైకాలో పది రకాల చిలగడదుంపలను నాలుగు విధాలుగా వండి, తిన్నవాళ్ల రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచారు. ఉడికించినవాటి గ్లైసీమిక్ సూచిక 41 నుంచి 50 మధ్య వచ్చింది. 55 లోపల ఉంటే తక్కువ కిందే లెక్క. నిప్పుల మీద కాల్చినవాటిదీ, ఓవెన్‌లో పెట్టినవాటిదీ దాదాపు 80 నుంచి 94 వరకు పోయింది. దుంపలోనే ఒక ఎంజైమ్ ఉంది. నెమ్మదిగా వేడెక్కేటప్పుడు అది పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. నిప్పుల్లో పెట్టిన దుంప తేనె కారేంత తియ్యబడడానికి అదే కారణం. నోటికి కాల్చింది బాగుంటుంది, షుగర్ ఉన్న ఒంటికి ఉడికించింది మేలు. అదీ అన్నం తగ్గించి, దాని బదులుగా ఒక చిన్న దుంప. అన్నం పైన అదనంగా కాదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు పొటాషియం విషయం, రాళ్లు వచ్చే స్వభావం ఉన్నవాళ్లు ఆక్సలేట్ల విషయం డాక్టర్‌ను అడిగి తినాలి.

కొనేటప్పుడు, వండేటప్పుడు చూసుకోవలసినవి నాలుగైదే. గట్టిగా, నున్నగా ఉన్న మధ్యరకం దుంపలు ఏరుకోవాలి. చిన్న చిన్న రంధ్రాలుంటే ముక్కుపురుగు దూరిందని గుర్తు. పురుగు తొలిచిన చోట దుంప చేదెక్కుతుంది, ఆ చేదు పదార్థాలు ఉడికించినా పోవు కాబట్టి అలాంటి దుంపను పారేయాలి. ఫ్రిజ్‌లో పెడితే లోపల గట్టిపడి ఎంతసేపు ఉడికినా మెత్తబడదు, గాలి తగిలే బుట్టలో ఉంచితే చాలు. మట్టి పోయేలా కడిగి తొక్కతోనే, దుంప మునిగీ మునగనంత నీటిలో మూతపెట్టి ఉడికించాలి. పచ్చిగా తినకూడదు. పచ్చి దుంపలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేడికి అది చాలావరకు పోతుంది. లేత ఆకులు కూడా కూరకు పనికొస్తాయి, పప్పులో వేసుకోవచ్చు.

ఇంత చెప్పాక వచ్చే ప్రశ్న ఒక్కటే. నారింజ రంగు దుంప దొరకాలి కదా? మన మార్కెట్లలో ఎక్కువగా దొరికేది తెల్లదే. అందులో తప్పేమీ లేదు. శక్తి, పీచు, పొటాషియం, విటమిన్ సి తెల్ల దుంపలోనూ ఉన్నాయి. అది తింటూ విటమిన్ ఎ కోసం పక్కన తోటకూర, మునగాకు, గుమ్మడి, బొప్పాయి, క్యారెట్ చూసుకోవాలి. ఊదారంగు కండ ఉన్న ‘భూ కృష్ణ’ అనే రకం కూడా శ్రీకార్యం నుంచే వచ్చింది. అందులో వందకు 90 మిల్లీగ్రాముల ఆంథోసయనిన్లు ఉన్నాయి, అవి నేరేడు పండుకు రంగిచ్చే పదార్థాలు. జపాన్‌లోని ఒకినావా దీవుల్లో 1949 నాటికి జనం తినే శక్తిలో మూడింట రెండొంతులు చిలగడదుంప నుంచే వచ్చేదని పరిశోధకులు రాశారు. దీర్ఘాయువుకు పేరుపడ్డ ఆ తరం తిన్నది మనం పేదల తిండని పక్కన పెట్టిన దుంపనే.

రకాలు ఉన్నాయి, తయారుచేసిన సంస్థలు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని కూరగాయల పరిశోధనా కేంద్రం దుంపపంటల జాతీయ పరిశోధనలో భాగస్వామి. పంట మూడున్నర, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. విత్తనం కొననక్కర్లేదు, తీగ ముక్క నాటితే చాలు, వరికి కావలసినంత నీరు అక్కర్లేదు. రైతు ఎందుకు వేయడంలేదంటే, శివరాత్రి దాటాక కొనేవాడు లేడు కాబట్టి. కొనేవాళ్లు ఎందుకు అడగరంటే, మార్కెట్లో కనిపించదు కాబట్టి. ఈ ముడి విప్పవలసింది కొనేవాళ్లే.

కాబట్టి ఈ సభ ద్వారా మూడు విన్నపాలు.

మొదటిది అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లు, మెస్సులు నడిపేవారికి. వారంలో రెండు సాయంత్రాలు బజ్జీల బదులు తొక్కతో ఉడికించిన చిలగడదుంప, గుప్పెడు పల్లీలు పెట్టండి. గ్యాస్ ఖర్చు తక్కువ, నూనె ఖర్చు లేదు. పదిమంది మెస్సువాళ్లు కలిసి ఏడాది పొడవునా ఇన్ని బస్తాలు కావాలని మాట ఇస్తే రైతుకు ధైర్యం వస్తుంది.

రెండోది అంగన్‌వాడీల బాధ్యత చూసేవారికి. 2015 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు అందుతున్నాయి. ఆ భోజనంలో, పిల్లల తిండిలో దొరికే కాలంలో నారింజ రంగు దుంపకు చోటివ్వండి. అంగన్‌వాడీ వెనక జాగా ఉన్న ప్రతిచోటా నాలుగు తీగలు నాటవచ్చు.

మూడోది పరిశోధకులకు, ఉద్యాన శాఖకు. నారింజ రంగు రకాల తీగలు శివారు మండలాల రైతులకు అందేలా చూడండి. అలా వచ్చిన పంటను రైతుబజార్లలో ఒకటి కోసి పక్కన పెట్టి అమ్మించండి, లోపలి రంగు చూసి జనం కొనడం నేర్చుకుంటారు. అంగన్‌వాడీలలో పెట్టడం మొదలుపెట్టిన రోజే పిల్లల బరువు, ఎత్తు, రక్తంలో విటమిన్ ఎ కొలిచి రాసుకోండి, ఏడాది తర్వాత మళ్లీ కొలవండి. మేలు జరిగితే పెంచుదాం, జరగకపోతే ఎందుకు జరగలేదో వెతుకుదాం. గోపాలన్ హైదరాబాద్‌లో ఉండగా పనిచేసిన పద్ధతి ఇదే. ఆయన పేరిట ఏటా జరిగే సభల్లో ఆ కొలతలు చదివి వినిపించే రోజు రావాలని కోరుకుంటున్నాను.